అమెరికాలో ఉంటున్నాం, గుంతకల్లు పెన్షన్ ఎలా తెప్పించుకోవాలి?

ప్రశ్న: నేను రైల్వేలో టెక్నీషియన్‌గా చేసి 2014లో గుంతకల్లులో రిటైరయ్యాను. వయసు 71. 2024 నవంబరులో నేను, మా ఆవిడ గ్రీన్ కార్డు మీద డాలస్ దగ్గర మా అమ్మాయి ఇంటికి వచ్చేశాం. నెలకు 42 వేల పెన్షన్ ఇంకా గుంతకల్లు బ్యాంకులో పాత సేవింగ్స్ ఖాతాలోనే పడుతోంది. పది లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా అక్కడే ఉంది. టీడీఎస్ కట్ కాకుండా ఏటా 15హెచ్ ఫారం ఇస్తున్నాను. ఏటీఎం కార్డు మా తమ్ముడి కొడుకు దగ్గర ఉంది. మా ఇంటి పన్ను, కరెంటు బిల్లు వాడే కడతాడు. నిరుడు లైఫ్ సర్టిఫికెట్ కోసమే ఇండియా వెళ్లొచ్చాను. ప్రతి ఏడూ అంత దూరం వెళ్లలేను, మోకాళ్లు సహకరించడం లేదు. ఇక్కడ చిన్న ఖర్చుకి కూడా అల్లుణ్ణి అడగాలంటే మొహమాటంగా ఉంది. అల్లుడి స్నేహితుడు ఒకతను అనంతపురంలో ఇల్లు కడుతున్నాడు. ‘మీ రూపాయలు అక్కడ మా నాన్నకివ్వండి, ఇక్కడ డాలర్లు నేనిస్తాను’ అంటున్నాడు. అలా చేయొచ్చా? మన పెన్షన్‌కి ఇక్కడ కూడా టాక్స్ కట్టాలా? నా తర్వాత మా ఆవిడకు ఇబ్బంది రాకుండా ఏం చేయాలి?

జవాబు: నమస్కారమండీ. ముందు ఆ స్నేహితుడి సంగతి చెప్పేస్తాను. మిగతా పనులు నిదానంగా చేసుకోవచ్చు గానీ, ఇది ఈ వారంలోనే జరిగిపోయే ప్రమాదం ఉంది. వద్దండి, ఆ పని చేయకండి. మనవాళ్ల మధ్య ఇది ఎంత మామూలైపోయిందంటే, తప్పు అనే ఆలోచనే ఎవరికీ రాదు. అతను మంచివాడే కావచ్చు, సాయం చేద్దామనే అని ఉండవచ్చు. కానీ డాలర్లూ రూపాయలూ చేతులు మారడం బ్యాంకు లాంటి అనుమతి ఉన్న సంస్థ ద్వారానే జరగాలని 1999 నాటి ఫెమా (విదేశీ మారకపు) చట్టం చెబుతోంది. తేడా వస్తే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టే విషయం వేరే ఉంది. మీ పెన్షన్‌లో ప్రతి రూపాయికీ కాగితం ఉంది. ఈ మార్పిడి చేసిన మరుక్షణం ఆ కాగితం ఉండదు. అనంతపురంలో ఎవరికో మీరు లక్షలు ఇచ్చినట్టు ఒకచోట, డాలస్‌లో ఎవరో మీకు డాలర్లు ఇచ్చినట్టు ఇంకోచోట మిగులుతుంది. రేపు ఎవరైనా అడిగితే ఈ రెండింటినీ కలిపి చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఇన్నేళ్లు రైల్వేలో కష్టపడి సంపాదించుకున్న డబ్బును సంజాయిషీ చెప్పుకునే డబ్బుగా మార్చుకోవద్దు.

సరైన దారి కష్టమైనదైతే మీ అల్లుడిగారి స్నేహితుణ్ణి తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కానీ అది నిజంగా సులువే.

మీ పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా, అంటే విదేశాల్లో స్థిరపడినవాళ్లు ఇండియా ఆదాయం కోసం ఉంచుకునే ఖాతాగా మార్పించండి. అసలు పని ఇదే, మిగతావన్నీ దీని వెనకే నడుస్తాయి. మీరు స్థిరపడటానికి వెళ్లారు కాబట్టి ఫెమా లెక్కలో మీరు ఇండియా దాటిన రోజు నుంచే నాన్ రెసిడెంట్. నాన్ రెసిడెంట్ పేరు మీద మామూలు సేవింగ్స్ ఖాతా ఉండకూడదు, ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. (విజిటర్ వీసా మీద ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండి తిరిగి వచ్చే తల్లిదండ్రులకు ఈ గొడవ లేదు. వాళ్లు దేన్నీ మార్చక్కర్లేదు.) పెన్షన్ ఎన్ఆర్ఓ ఖాతాలో పడటానికి ఏ అడ్డూ లేదు. ‘ఎన్ఆర్ఐ అని తెలిస్తే పెన్షన్ ఆపేస్తారు’ అనే భయంతో చాలామంది ఏళ్ల తరబడి దాచిపెడుతుంటారు. ఆ భయానికి ఆధారం లేదు. మీకు పెన్షన్ వచ్చేది మీ సర్వీసుకు. మీరు ఏ ఊళ్లో ఉంటున్నారన్నదాంతో దానికి పనిలేదు.

దీనికోసం గుంతకల్లు వెళ్లనక్కర్లేదు. బ్యాంకు ఫారంతో పాటు పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, అక్కడి చిరునామా రుజువు కాపీలు కావాలి. వాటి మీద భారత కాన్సులేట్‌లో గానీ, అక్కడి నోటరీ దగ్గర గానీ ధ్రువీకరణ చేయించి పంపవచ్చు. ఏది ఒప్పుకుంటారో మీ బ్రాంచిని ఈమెయిల్‌లో అడగండి, జవాబు రాతపూర్వకంగా ఉంటే మంచిది. అమ్మగారి పేరు జాయింట్‌గా లేకపోతే ఇదే ఫారంలో చేర్పించండి, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అని, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరి తర్వాత మిగిలినవారు నడుపుకునేలా. ఒక్క జాగ్రత్త. కొన్ని బ్యాంకుల్లో ఇలా మార్చినప్పుడు ఖాతా నంబరే మారిపోతుంది. కొత్త నంబరు బ్యాంకు పెన్షన్ ప్రాసెసింగ్ సెంటర్‌లో మీ పీపీఓకు (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) ఎక్కిందో లేదో కనుక్కున్నాకే పాతది మూయమనండి. చాలా ఏళ్లు బ్యాంకు పెన్షన్ సీట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, పెన్షన్ ఒక నెల ఆగిపోయిందని వచ్చేవాళ్లలో చాలామంది సమస్య ఈ నంబరు దగ్గరే తేలేది.

ఇక డబ్బు తెప్పించుకోవడం. పెన్షన్, అద్దె, వడ్డీ లాంటివి ‘కరెంట్ ఇన్‌కమ్’. పన్ను పోగా మిగిలినదాన్ని ఎన్ఆర్ఓ ఖాతా నుంచి అమెరికాకు పంపుకోవడానికి పరిమితి లేదు. ఖాతాలో ముందు నుంచీ ఉన్న నిల్వకు, డిపాజిట్ అసలుకు మాత్రం ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల గీత ఉంది. అది మీకూ నాకూ అడ్డొచ్చేది కాదు. పంపేటప్పుడు బ్యాంకు వాళ్లు 15సీఏ, 15సీబీ అని పిలిచే కాగితాలు అడుగుతారు. మొదటిది మీరే ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రకటన. రెండోది చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే సర్టిఫికెట్. ఏడాదిలో పంపేది ఐదు లక్షలు దాటకపోతే ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. మీ పెన్షన్ ఏడాదికి 5,04,000. ఇంటి పన్నుకీ కరెంటుకీ కొంత అక్కడే ఉంచాలి కదా, కాబట్టి మీరు ఐదు లక్షల లోపే ఉంటారు. అకౌంటెంట్ ఫీజు మిగిలినట్టే.

నెలనెలా పంపకండి. ప్రతిసారీ బ్యాంకు ఛార్జీ, మధ్యలో ఉన్న విదేశీ బ్యాంకు కోత, డాలరు రేటులో తేడా, కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ ఉంటాయి. ఇందులో జీఎస్టీ చిన్నదే, లక్ష రూపాయలకు 180. గట్టిగా కోసేది డాలరు రేటు. పేపర్లో చూసిన రేటుకూ బ్యాంకు మీకిచ్చే రేటుకూ ఉన్న తేడాను ముందే అడిగి తెలుసుకోండి. మూడు నెలలకొకసారి లక్ష రూపాయల చొప్పున పంపుకుంటే మీ అవసరానికి సరిపోతుందని నా అభిప్రాయం.

ఆ డబ్బు చేరేది మాత్రం మీ ఖాతాకే కావాలి. అమ్మాయి ఖాతాకు పంపితే చట్టానికి ఇబ్బంది లేదు గానీ, మీ మొహమాటం తీరదు. గ్రీన్ కార్డు, పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకుని దగ్గర్లోని ఏదైనా బ్యాంకులో మీ ఇద్దరి పేరా ఒక చెకింగ్ ఖాతా తెరవండి. డెబిట్ కార్డు ఇస్తారు. ఆదివారం మనవడికి ఐస్‌క్రీం కొనిపెట్టినా, ఇంటికి కూరగాయలు తెచ్చినా అది మీ పెన్షన్ డబ్బే. మీ ఉత్తరంలో నన్ను బాగా కదిలించింది ఆ అల్లుడి వాక్యమే. మీకు డబ్బు లేక కాదు కదా ఆ మొహమాటం, ఉన్న డబ్బు చేతికి అందక. ఇది పూర్తిగా తీరిపోయే సమస్య.

ఇప్పుడు పన్ను. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. ఆదాయపు పన్ను వాళ్ల లెక్క ఫెమా లెక్కలాంటిది కాదు. అది మీరు ఏడాదిలో ఎన్ని రోజులు ఇండియాలో ఉన్నారన్న దాన్ని చూస్తుంది. నవంబరు దాకా, అంటే 182 రోజులకు పైగా ఇండియాలోనే ఉన్నారు కాబట్టి, మీరు బయలుదేరిన 2024-25లో మీరు పన్నుకు రెసిడెంటే. 2025-26 నుంచి, ఇండియాలో 182 రోజుల కంటే తక్కువ ఉన్న ప్రతి సంవత్సరం మీరు నాన్ రెసిడెంట్. దీనివల్ల ఏం మారుతుంది? ‘12 లక్షల దాకా పన్ను లేదు’ అని అందరూ అంటున్నారే, ఆ రిబేటు రెసిడెంట్లకే. సీనియర్ సిటిజన్లకని ఇచ్చే రాయితీల్లోనూ చాలావరకు అంతే. 15హెచ్ కూడా రెసిడెంట్లు మాత్రమే ఇవ్వాల్సిన ఫారం. మీకు తెలియక ఇచ్చారు, సరే. ఇకమీదట ఇవ్వకండి. ఇచ్చిన ఏడాదికి రిటర్న్ వేసి లెక్క సరిచేసుకోండి.

కంగారు పడకుండా అంకెలు చూడండి. 2025-26కు కొత్త పన్ను పద్ధతిలో మీ పెన్షన్ 5,04,000లో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 4,29,000. నాలుగు లక్షల వరకు పన్ను లేదు. మిగిలిన 29,000 మీద 5 శాతం, దానిపై సెస్సు కలిపి 1,508 రూపాయలు. ఏడాది మొత్తానికి అంతే. డిపాజిట్ మీద 7 శాతం వడ్డీ వస్తోందనుకుందాం, అది 70,000. అదీ కలిపితే మీరు కట్టాల్సిన పన్ను 5,148. కానీ ఖాతా ఎన్ఆర్ఓ అయ్యాక ఆ వడ్డీ మీద బ్యాంకు సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే 21,840 ముందే పట్టుకుంటుంది. ఇది చూసి చాలామంది బెదిరిపోయి, అమ్మో ఎన్ఆర్ఓ వద్దు అనేస్తారు. అలా పట్టుకున్నది పన్ను కాదండి, అడ్వాన్సు. రిటర్న్ వేస్తే పెన్షన్‌లో కోసిన 1,508తో కలిపి లెక్క చూసి 18,200 వెనక్కి ఇస్తారు. రిటర్న్ వేయకపోతే మాత్రం పోయినట్టే. నాన్ రెసిడెంట్లు ఐటీఆర్-1 వేయకూడదు, మీది ఐటీఆర్-2, గడువు జూలై 31. పాన్‌కు ఆధార్ లింకయి ఉందో లేదో, పోర్టల్లో మీ స్టేటస్ నాన్ రెసిడెంట్ అని మారిందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

ఈ కోత అసలే వద్దనుకుంటే ఇంకో మార్గం ఉంది. డిపాజిట్ గడువు తీరాక ఆ డబ్బును ఎన్ఆర్ఈ ఖాతాలోకి (ఎన్ఆర్ఐలకే ఉండే ఇంకో రకం ఖాతా) మార్చి అక్కడ వేసుకుంటే వడ్డీకి ఇండియాలో పన్ను ఉండదు. ఎన్ఆర్ఓ నుంచి ఎన్ఆర్ఈకి మార్చడం కూడా విదేశానికి పంపినట్టే లెక్క, ఆ కాగితాలన్నీ కావాలి. అసలు పది లక్షలు కాబట్టి ఆ ఒక్కసారికి అకౌంటెంట్ సర్టిఫికెట్ అడగవచ్చు. ఈ ఏడాదే అన్నీ నెత్తిన వేసుకోకండి. డిపాజిట్ గడువు వచ్చినప్పుడు ఆలోచించుకోవచ్చు.

అమెరికాలో కూడా టాక్స్ కట్టాలా అన్నారు. ‘గవర్నమెంటు పెన్షన్‌కి ఇండియాలోనే పన్ను, అక్కడ చూపించక్కర్లేదు’ అని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. అది సగం నిజం. 1989లో రెండు దేశాలు చేసుకున్న పన్ను ఒప్పందంలో 19వ అధికరణం అలాగే ఉంది. కానీ అదే ఒప్పందం మొదటి అధికరణంలో, అమెరికా పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ అమెరికా ఈ వెసులుబాటు ఇవ్వదని రాసుకున్నారు. కాబట్టి మీ పెన్షన్, ఇండియా వడ్డీ అక్కడి ఆదాయంలో లెక్కకు వస్తాయి. అయినా మీరు కట్టాల్సింది సున్నా. 65 దాటిన భార్యాభర్తలు కలిపి రిటర్న్ వేస్తే 2025కు స్టాండర్డ్ డిడక్షన్ 34,700 డాలర్లు. మీ ఇండియా ఆదాయమంతా కలిపినా అందులో అయిదో వంతు కూడా ఉండదు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేనే లేదు. ముందు ముందు మీరు పౌరసత్వం తీసుకుంటే ఒప్పందంలో ఈ పెన్షన్ సంగతి మారిపోతుంది, అప్పుడు మళ్లీ అడిగి తెలుసుకోండి. ఈలోపు మీ అల్లుడిగారు తన రిటర్న్‌లో మిమ్మల్ని డిపెండెంట్‌గా చూపిస్తున్నారేమో కనుక్కోండి. 2025లో డిపెండెంట్ ఆదాయం 5,200 డాలర్ల లోపు ఉండాలి. మీ పెన్షన్, వడ్డీ కలిపితే ఆ గీత దాటుతుంది. ఆయనకు ఇది తెలిసి ఉండకపోవచ్చు.

పన్ను లేదు గదా అని వదిలేయకూడనిది ఒకటుంది. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నిటిలోనూ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక ఇవ్వాలి. మీ డిపాజిట్ ఒక్కటే ఆ గీత దాటిస్తుంది. ఇది ఆన్‌లైన్‌లో వేసేది, ఫీజు లేదు, పన్ను లేదు. గడువు ఏప్రిల్ 15, దానంతటదే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంటుంది. ఇన్నాళ్లూ వేయకపోతే, వాళ్లు నోటీసు పంపేలోపే, ఆలస్యానికి కారణం రాసి పాత సంవత్సరాలవి కూడా వేసేయండి. ఖాతా జాయింట్‌గా ఉంటే అమ్మగారికీ ఇది వర్తిస్తుంది. ఇంకో మాట, ఇది పిల్లలు తరచూ మర్చిపోయేది. మీ గుంతకల్లు ఖాతాలో అమ్మాయి పేరు జాయింట్‌గా ఉంటే ఆమె కూడా తన నివేదికలో ఆ ఖాతా చూపాలి. నామినీగా మాత్రమే ఉంటే అక్కర్లేదు.

లైఫ్ సర్టిఫికెట్ కోసం మోకాళ్ల నొప్పులతో ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేశారంటే నాకు నిజంగా బాధేసింది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు విదేశాల్లో ఉన్నప్పుడు స్వయంగా రావాల్సిన అవసరమే లేదు. ఒకటి, ఫోన్లో జీవన్ ప్రమాణ్, అంటే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్. 2021 నుంచి ముఖం చూపించి చేసే పద్ధతి వచ్చింది, వేలిముద్రల పరికరం అక్కర్లేదు. ఆధార్ ఉండాలి, మీ పీపీఓ నంబరు, ఖాతా నంబరు దగ్గర పెట్టుకోవాలి. మీ ముఖం మీద వెలుతురు బాగా పడేచోట కూర్చుని అమ్మాయి చేత చేయించండి. అయ్యాక వచ్చే ప్రమాణ్ ఐడీని రాసిపెట్టుకుని, రెండు మూడు రోజుల తర్వాత బ్యాంకు దాన్ని తీసుకుందో లేదో స్టేటస్ చూడండి. సర్టిఫికెట్ తయారైంది గదా అని ఊరుకుని, బ్యాంకు తిరస్కరించిన సంగతి డిసెంబరు పెన్షన్ పడనప్పుడు తెలుసుకున్నవాళ్లు ఉన్నారు.

రెండోది కాగితం దారి. భారత కాన్సులేట్ అధికారి గానీ, నోటరీ గానీ, బ్యాంకు అధికారి గానీ మీరు జీవించి ఉన్నారని సంతకం చేసిన ఫారాన్ని మీ బ్రాంచికి పంపితే చెల్లుతుంది. టెక్సస్ వాళ్లకు కాన్సులేట్ హ్యూస్టన్‌లో ఉంది, డాలస్ నుంచి దూరమే. నోటరీ అయితే మీ వీధి చివర బ్యాంకులోనే దొరకొచ్చు. నోటరీ సంతకం సరిపోతుందా అని మీ బ్రాంచిని ముందే అడగండి. ఏదైనా నవంబరులోనే పూర్తి చేయాలి. 80 దాటినవాళ్లకు అక్టోబరు ఒకటి నుంచే తీసుకుంటారు. ఒకవేళ ఏ కారణం చేతనైనా ఆలస్యమై పెన్షన్ ఆగినా డబ్బు పోదు. సర్టిఫికెట్ చేరాక ఆగిన నెలలవి కూడా కలిపి వేస్తారు. ఆ టెన్షన్‌తో మళ్లీ విమానం టికెట్టు కొనకండి.

ఏటీఎం కార్డు తిరిగి తెప్పించుకోండి. మీ తమ్ముడి కొడుకు మీద అనుమానంతో చెప్పడం లేదు, ఆ అబ్బాయిని కాపాడటానికి కూడా ఇదే మంచిది. రేపు ఖాతాలో ఏదైనా తేడా వస్తే మాట పడేది అతనే. ఇంటి పన్ను, కరెంటు బిల్లు మీరే నెట్ బ్యాంకింగ్‌లో డాలస్ నుంచి కట్టొచ్చు. చిల్లర ఖర్చులకు అతని ఖాతాకు నెలకింతని పంపండి. రిజిస్ట్రేషన్ లాంటి పెద్ద పనులుంటే ఆ ఒక్క పనికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ రాయండి. ఓటీపీలన్నీ మీ ఇండియా నంబరుకే వస్తాయి కాబట్టి ఆ సిమ్‌ను రీఛార్జి చేస్తూ, అప్పుడప్పుడు వాడుతూ ఉండండి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ ఆ నంబరును తీసేయవచ్చు. ఎన్ఆర్ఓ ఖాతాకు అమెరికా నంబరు జోడించడానికి మీ బ్యాంకు ఒప్పుకుంటే ఆ పనీ చేయించండి. ఆధార్‌కు మాత్రం ఇండియా నంబరు ఉండాల్సిందే.

చివరగా అమ్మగారి సంగతి. ఇది అడిగినందుకు మిమ్మల్ని మనసారా అభినందిస్తున్నాను. చాలామంది మగవాళ్లు ఈ ప్రశ్న అడగరు. మీ పీపీఓ తీసి చూడండి. అందులో ఆమె పేరు, పుట్టినతేదీ ఉన్నాయా? ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతో సరిపోతున్నాయా? పీపీఓలో ‘సుబ్బమ్మ’, పాస్‌పోర్టులో ‘సుబ్బలక్ష్మి’ అని ఉంటే ఆ తేడా ఇప్పుడు సరిచేయించడం ఒక దరఖాస్తు పని. మీ తర్వాత ఆమె ఒంటరిగా, అమెరికా నుంచి చేయాలంటే నెలలు పడుతుంది. జాయింట్ ఖాతా ఉంటే ఫ్యామిలీ పెన్షన్ అదే ఖాతాలో మొదలవుతుంది, కొత్త ఖాతా తెరవనక్కర్లేదు. పుట్టినతేదీ మీకూ ముఖ్యమే. 80 నిండాక బేసిక్ పెన్షన్ మీద 20 శాతం అదనంగా వచ్చేది దాన్నిబట్టే. మీరు రిటైరైనప్పుడు కమ్యూట్ చేసి, అంటే పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి మొత్తం తీసుకుని ఉంటే, ఆ తేదీ నుంచి 15 ఏళ్లకు, అంటే 2029లో, ఆ కోసిన భాగం తిరిగి కలవాలి. ఆ నెల స్టేట్‌మెంటు తప్పకుండా చూడండి, కలవకపోతే వెంటనే బ్యాంకుకు రాయండి.

పీపీఓ, పాస్‌బుక్, పాన్, ఆధార్, కొత్త ఎన్ఆర్ఓ కాగితాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి, అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ ఏమిటో చూపించండి. బ్రాంచి ఈమెయిల్ చిరునామా ఆ ఫైలు అట్ట మీదే రాసిపెట్టండి. ఖాతా మార్పు ఫారం ఈ నెలలోనే పంపేయండి, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ వేసే సమయానికి కొత్త నంబరు చేతిలో ఉంటుంది.